ఆష్‌బర్న్ ఇంటికి సాక్షి సంతకం

కమ్మింగ్, జార్జియా
ఏప్రిల్ 4, 2005

ప్రసూనా,

సొంత సంఘ సహోదరుడి ఇల్లు కొనుక్కుంటూ మధ్యలో ముక్కూ మొహం తెలియని లాయరెందుకమ్మా నీకు? మనవాళ్ళ మీద అంత నమ్మకం పోయిందా, లేక అమెరికా వచ్చి ఆరేళ్ళయ్యేసరికి పెద్దల మాట చేదైపోయిందా?

నీకూ అల్లుడు దయాకర్‌కీ ప్రభువు నామంలో దీవెనలు. ముందు రాయాల్సింది అదే. కోపం తోసుకొచ్చి ముందు నిలబడింది.

నిన్న ఆరాధన అయ్యాక మీ అక్క రజిని చెప్పింది, నువ్వు లాయర్ల పేర్లు ముందేసుకుని కూర్చున్నావని. సూర్యప్రకాశరావు ఎవరు? మన గుంటూరు సహవాసంలో నా కళ్ళెదుట బాప్తిస్మం తీసుకున్న పిల్లాడు. మీ వర్జీనియాలో ఎనిమిదేళ్ళు పనిచేసి, ఉద్యోగం పోయి, గుంటూరు తిరిగొచ్చేశాడు. ఆష్‌బర్న్‌లో తన ఇల్లు అమ్మిపెట్టమని మీ హెర్న్‌డన్ సంఘపెద్ద విజయరత్నానికి అధికారం రాసిచ్చాడు. నాలుగిళ్ళకి బేరం పెడితే నాలుగూ ఎవరో ఎక్కువిచ్చి తన్నుకుపోయారని నువ్వు ఏడిస్తే, ఈ ఇంటి సంగతి నీ చెవిన వేసింది నేను. రత్నానికి తెలిసిన సెటిల్‌మెంట్ ఆఫీసొకటి ఉందట. సంతకాలు, రికార్డులు, తాళాలు అన్నీ వాళ్ళే చూస్తారట. ఇంకేం కావాలి?

కొరింథు విశ్వాసులు ఒకరి మీదొకరు బయటివాళ్ళ దగ్గరికి తగవు మోసుకెళ్తే పౌలు ఎలా చీవాట్లు పెట్టాడో నీకు చిన్నప్పుడే చెప్పాను. సంఘంలో తెలివైనవాడు ఒక్కడూ కరువయ్యాడా అని నిలదీశాడు. అదే నేనూ అడుగుతున్నాను.

ఇక్కడ ఆదివారం సాయంత్రాలు ఒక తెల్లవాళ్ళ చర్చి హాలు మనకిస్తున్నారు. నలభైమంది వస్తున్నారు. మనవడు ఈషాన్ అంటాడూ, "తాతా, మైక్ ఉంది కదా, ఎందుకు షౌట్ చేస్తావ్?" అని. ముప్ఫయ్యేళ్ళు బస్సుల వర్క్‌షాపులో సుత్తి మోతకి చెవులు పోయినవాడికి తన గొంతు తనకి వినపడాలంటే మరి అరవాల్సిందే. ఫోనులో నీ మాట కూడా నాకు గాలిలాగే ఉంటుంది. అందుకే ఉత్తరం. జవాబు రాయి. తెలుగులో రాయి.

మీ పెదనాన్న,
పరంధామయ్య


హెర్న్‌డన్, వర్జీనియా
ఏప్రిల్ 9, 2005

పెదనాన్నగారికి ప్రసూన వందనాలు.

మీ ఉత్తరం దయాకర్ మీ గొంతుతోనే పైకి చదివాడు. రెండో లైనుకే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు గోడ తట్టారు.

ఇది తగవు కాదు పెదనాన్నా. ఈ రాష్ట్రంలో సెటిల్‌మెంట్ ఎవరిచేత చేయించుకోవాలో ఎంచుకునే హక్కు కొనేవాళ్ళదే. మేం సంతకం చేసిన అగ్రిమెంట్‌లోనే ఆ ముక్క ఉంది. రత్నం అంకుల్ చెప్పిన ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, మీరు నా తరఫునా అని. అక్కడాయన మర్యాదగానే చెప్పాడు, "మేం ఎవరి తరఫునా కాదు, కాగితాలు వస్తే సంతకాలు చేయిస్తాం" అని. మరి ఆ కాగితం మంచిదో కాదో నా కోసం చూసేదెవరు?

అందుకని ముగ్గురు లాయర్ల దగ్గరికి వెళ్ళాను. మొదటి చోట ఇల్లెక్కడో కూడా అడక్కుండా ఫీజు చెప్పేశారు. రెండో ఆయన మన తెలుగాయనే. "అక్కా, మనవాళ్ళే కదా, నేను చూసుకుంటా, మీరు వర్రీ అవ్వకండి" అన్నాడు. నేను రాసుకెళ్ళిన తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కటి కూడా పూర్తిగా అడగనివ్వలేదు. మూడో ఆవిడ పేరు డొరతీ. హెర్న్‌డన్ పాత రైలు స్టేషన్ దగ్గర మంగలి షాపు పైన ఆఫీసు. అరవై దాటి ఉంటాయి. నేను అడగబోతే ఆవిడే నన్ను అడగడం మొదలుపెట్టింది. ఇల్లు ఎవరెవరి పేరు మీద ఉంది? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు? మీరు వాళ్ళతో మాట్లాడారా? సూర్యప్రకాశరావుగారి పేరూ, ఆయన భార్య గిరిజగారి పేరూ రెండూ ఇంటి మీద ఉన్నాయని కౌంటీ రికార్డు తెరిచి నా ఎదుటే చూసింది. నాకు సమాధానాలు తెలియని ప్రశ్నలు అడిగిన మనిషినే పెట్టుకుందామనిపించింది. పెట్టుకున్నాను.

అబ్రాహాము శారమ్మ సమాధికి గుహ కొన్నప్పుడు ఊరికే తీసుకోమన్నా తీసుకోలేదని, అందరి ఎదుటా తూకం వేసిచ్చి మరీ తీసుకున్నాడని మీరే చెప్పారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ప్రేమ వేరు, హక్కు కాగితం వేరు అన్నారు ఆ రోజు.

జూలైలో బిడ్డ వచ్చేస్తుంది. ఈ అపార్ట్‌మెంట్ లీజు మే ఆఖరుకి అయిపోతుంది. ఈ ఇల్లు కూడా పోతే నాకు ఇంకో ఇంటి కోసం తిరిగే ఓపిక లేదు. అందుకే భయం. కోప్పడకండి.

రాజేశ్వరి పెద్దమ్మకి ముద్దులు.

మీ ప్రసూన


కమ్మింగ్
ఏప్రిల్ 14, 2005

ప్రసూనా,

అబ్రాహామును నా మీదకే తోలావు. సంతోషం, పాఠం వంటబట్టింది. కానీ బోయజు సంగతి మరిచావు. రూతు కోసం పొలం విడిపించినప్పుడు అక్కడ ఏ లాయరున్నాడు? ఊరి గవిని గుమ్మం దగ్గర పదిమంది పెద్దలు కూర్చున్నారు. హక్కున్నవాడు చెప్పు తీసి చేతికిచ్చాడు. ఆ పదిమంది చూశారు, అయిపోయింది. పెద్దలు చూశారంటే దానికి మించిన దస్తావేజు లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పైకి అనకపోయినా నాకర్థమైంది. సూర్యప్రకాశరావు దొంగ అని నీ అనుమానం. నేను నీకు దొంగ ఇల్లు అంటగడుతున్నానని కూడా కాబోలు. ఇలాంటి మాట నా తమ్ముడి కూతురి చేత వినాల్సి వస్తుందనుకోలేదు.

గిరిజ పేరు ఇంటి మీద ఉందని పెద్ద కనుక్కున్నట్టు రాశావు. ఉంటే? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసే రత్నానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. నాకెలా తెలుసంటావా? ఫిబ్రవరిలో ఈ దేశం వస్తూ ఆ కాగితం మోసుకొచ్చింది నేనే. మీ పెద్దమ్మ కట్టిన కందిపొడి డబ్బాకీ నా గ్రంథానికీ మధ్య పెట్టుకుని తెచ్చాను. దాని రెండో పేజీ అడుగున సాక్షి సంతకం కూడా నాదే. పోయి మీ లాయరమ్మకి చెప్పు, ఈ సాక్షి ముప్ఫయ్యేళ్ళుగా వాక్యం చెబుతున్నవాడని.

బిడ్డ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. నీ మీద కోపం నీ కడుపులో పసిదాని మీద లేదు.

పెదనాన్న


హెర్న్‌డన్
ఏప్రిల్ 20, 2005

పెదనాన్నా,

దొంగ అని నేను ఎక్కడా రాయలేదు. నా ఉత్తరం దాచి ఉంటే ఇంకోసారి చూడండి. నాకు పొగరెక్కిందని మీరన్నట్టు రజినక్క ఫోన్‌లో చెప్పింది. చాలాసేపు ఏడ్చాను. దయాకర్, "మీ పెదనాన్న ప్రసంగాలు ఉత్తరాల్లో కూడా వాల్యూమ్ తగ్గవా?" అన్నాడు. నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపొచ్చింది.

సరే, విషయం రాస్తాను. రత్నం అంకుల్ పంపిన కాగితం డొరతీ చూసింది. రెండో పేజీ దగ్గర ఆగి, "ఈ సాక్షి ఎవరు?" అంది. మా పెదనాన్న అని ఎంత గర్వంగా చెప్పానో మీకు తెలియదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "అయితే తేలికే. ఆ భార్య సంతకం చేస్తుంటే ఆయన చూశారా?" అంది. చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదన్నాను. "మంచిది. ఆ మాట ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపమను" అంది. ఫోన్‌లో చెప్పిన మాట పనికిరాదట. రాసి పంపండి పెదనాన్నా. రెండు లైన్లు చాలు.

దాంతోపాటు ఇంకోటి కూడా అడిగింది. గిరిజగారు చెన్నైలో అమెరికా కాన్సులేట్‌కి వెళ్ళి, అక్కడ అధికారి ఎదుట మళ్ళీ ఒక సంతకం చేస్తే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరట. నేను సూర్యప్రకాశరావుగారికి మెయిల్ పెట్టాను. ఆవిడకి ఒంట్లో బాగాలేదు, చెన్నై ప్రయాణం కుదరదు, మే 6న సెటిల్‌మెంట్ కాకపోతే వేరేవాళ్ళు రెడీగా ఉన్నారు అని జవాబొచ్చింది. ఫోన్ నంబర్ అడిగితే ఇవ్వలేదు.

ఆదివారం చర్చి పార్కింగ్‌లో రత్నం అంకుల్ నన్ను ఆపారు. "ఏమ్మా, సంఘం మీదకి లాయర్ని తోలావంట?" అన్నారు. పక్కనే ఉన్న మా సంఘం కృష్ణవేణి ఆంటీ కారు తలుపు తెరిచి, లోపల కూర్చుని అద్దం ఎత్తేశారు. నా సీమంతానికి గాజులు తెచ్చిన మనిషి.

మీరు రాసే రెండు లైన్లొస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి.

ప్రసూన


కమ్మింగ్
ఏప్రిల్ 25, 2005

ప్రసూనకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడందరం బాగున్నాం. ఈషాన్‌కి పాలపన్ను ఊడింది. దిండు కింద పెడితే ఎవరో దేవకన్యలాంటిది వచ్చి డాలరు పెట్టి వెళ్తుందని వీళ్ళ నమ్మకం. అలాంటివి నమ్మకూడదని చెప్పబోతే రజిని నన్ను కళ్ళతోనే ఆపింది. వానలు పడుతున్నాయి. ఇక్కడి మట్టి ఎర్రగా ఇటుక పొడిలా ఉంటుంది, చెప్పులకి అంటితే వదలదు.

ఈ ఆదివారం నేను వాక్యం చెప్పలేదు. గొంతు బాగాలేదు.

ఆ లాయరమ్మకి మన పద్ధతులేం తెలుస్తాయి? నువ్వు ఎక్కువ ఆలోచించకు, ఒంటికి మంచిది కాదు. పాలు తాగు.

పెదనాన్న


హెర్న్‌డన్
ఏప్రిల్ 28, 2005

పెదనాన్నగారికి,

నేనడిగిన రెండు లైన్లూ మీరు రాయలేదు. ఎందుకో నాకర్థమైంది. మీ సంతకం ఉన్నాక కూడా మళ్ళీ చూశారా అని అడగడమే మిమ్మల్ని అవమానించినట్టు. వాక్యం కూడా మానేశారంటే ఎంత నొచ్చుకున్నారో. మా నాన్న పోయాక నన్ను చదివించింది మీరు. మీ చేత, అది కూడా ఒక లాయరు కోసం, నేను సాక్ష్యం రాయించుకోకూడదు.

నిన్న రాత్రి దయాకర్ నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. "మీ లాయరు మనకి ఇల్లు కొనిపెడుతోందా, ఉన్నది పోగొడుతోందా?" అన్నాడు. తను విసుగుతో అనలేదు, అలిసిపోయి అన్నాడు. డొరతీ అయితే ఆ రెండు కాగితాల్లో ఒక్కటైనా రానిదే మే 6న నన్ను సంతకం చెయ్యొద్దంటోంది.

అందుకని బుధవారం ఫైలు రత్నం అంకుల్ చెప్పిన ఆఫీసుకి మార్చేస్తున్నాం. వాళ్ళు ఈ కాగితంతోనే చేసేస్తారట. శుక్రవారం తాళాలిస్తారు. బిడ్డ ఉయ్యాల పై అంతస్తు చిన్నగదిలో, కిటికీ పక్కన వేద్దామనుకుంటున్నాం.

మీ మాటే నెగ్గింది పెదనాన్నా. ఇక కోపం మానేయండి. గృహప్రవేశ ప్రార్థనకి మీరే రావాలి.

ప్రసూన


కమ్మింగ్
మే 1, 2005, ఆదివారం

తల్లీ ప్రసూనా,

నా మాట నెగ్గకూడదు.

నేను చూడలేదు. గిరిజ సంతకం చేస్తుంటే నేను చూడలేదు. నీ లాయరమ్మ అడిగిన రెండు లైన్లు అవే. విడిగా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇందులో పెట్టాను. రజిని ఇంగ్లీషులో కూడా రాసింది, దాని మీదా సంతకం పెట్టాను. నువ్వు నొచ్చుకున్నాననుకున్నావు. నేను దాక్కున్నాను.

జరిగింది ఇదీ. జనవరి ఆఖర్లో, గుంటూరు కోర్టు రోడ్డులో ఒక జెరాక్స్ షాపు పక్కన, టార్పాలిన్ పట్టా కింద బల్ల వేసుకున్న నోటరీ దగ్గరికి సూర్యప్రకాశరావు నన్ను తీసుకెళ్ళాడు. కాగితం మీద గిరిజ సంతకం అప్పటికే ఉంది. "గిరిజ ఏదిరా?" అన్నాను. అడిగాను, అది అబద్ధం కాదు. "జ్వరమండీ, ఇంట్లోనే పెట్టేసింది" అన్నాడు. నోటరీ తలెత్తకుండా ముద్ర గుద్దాడు. నేను పెన్ను తీశాను. మా వర్క్‌షాపులో ఎన్ని కాగితాలకి అలా పెట్టలేదు. పాస్‌పోర్టు అర్జీలు, బ్యాంకు కాగితాలు, పెళ్ళి రిజిస్టర్లు. మనవాడు అడిగితే పెట్టడమే మంచితనం అనుకున్నాం. నువ్వు చూశావా అని ఈ ముప్ఫయ్యేళ్ళలో నన్నెవరూ అడగలేదు. మొదట అడిగింది నీ లాయరమ్మ. రెండోది మీ పెద్దమ్మ. పోయిన సోమవారం నీకు రాసిన ఉత్తరం కవరుకి స్టాంపు అంటిస్తూ, "ఇంతకీ మీరు చూశారా, లేదా?" అంది. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ స్టాంపు అంటించి పోస్టు చేయించింది కానీ, ఆ రోజు నుంచీ నాతో అన్నం తినలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఉయ్యాల ఎక్కడ వెయ్యాలో కూడా రాశావు. వెంటనే రజిని చేత మన గుంటూరు సంఘం పాత పుస్తకంలో నంబరు వెతికించి గిరిజకి ఫోన్ చేయించాను. ఏడాదిగా ఏలూరులో తల్లి దగ్గరే ఉంటోంది. వాళ్ళిద్దరికీ పడటం లేదట. ఫోను స్పీకర్‌లో పెట్టి, ఆమె మాటలు రజిని నాకు కాగితం మీద రాసి చూపించింది. ఆ కాగితం నా ముందే ఉంది. మొదటి లైను ఇది: "అద్దెకున్నవాళ్ళు ఇల్లు బాగా చూసుకుంటున్నారా అన్నయ్యగారూ?"

అమ్ముతున్నాడని చెప్పాను. రెండో లైను: "నన్నడిగితే ఇచ్చేదాన్నే. అడగలేదు."

సాక్షిని నేనేనని కూడా చెప్పాను. "మీరు సాక్షి అంటే ఇంక ఎవరు కాదంటారు అన్నయ్యగారూ" అంది. కోపంగా అనలేదట. ఉన్న మాట చెప్పినట్టు చెప్పిందట.

నాబోతు ద్రాక్షతోట గురించి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో నీకు తెలుసు. రాణి రాజు పేరు మీద ఉత్తరాలు రాసి, రాజు ముద్ర వేసి, ఒక బక్కవాడి భూమి లాక్కుంది. నేనెప్పుడూ రాజుని నిలదీసిన ప్రవక్త ఏలీయా పక్కన నిలబడి అరిచాను. ఆ కథలో నాబోతుకి ఎదురుగా కూర్చోబెట్టిన ఇద్దరు దొంగ సాక్షులున్నారు. వాళ్ళ పేర్లు గ్రంథంలో లేవు. ఎందుకు లేవా అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. అక్కడ ఎవడి పేరైనా పడుతుంది. ఈ సాయంత్రం హాల్లో నలభైమంది ఎదుట వాక్యం చెప్పలేదు. మైకు పక్కన పెట్టి, ఆ ఇద్దరిలో ఒకడి పేరు పరంధామయ్య అని చెప్పి కూర్చున్నాను.

సూర్యప్రకాశరావుని తిట్టకు. వాడు భయస్తుడు. ఉద్యోగం పోయి, ఇల్లు మొయ్యలేక, భార్యని అడిగే మొహం లేక ఈ పని చేశాడు. వాడితో నేను మాట్లాడతాను. రత్నంతో కూడా నేనే మాట్లాడతాను. అతనికి ఇదేమీ తెలియదనుకుంటాను. ఆ కాగితాన్ని అతను నమ్మింది నా సంతకం చూసి. కృష్ణవేణికి నేనే ఉత్తరం రాస్తాను. నువ్వు ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. నువ్వు సరైన మనిషిని ఎంచుకున్నావు. నేను నీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

ఇల్లు పోవచ్చమ్మా. అది నాకు తెలుసు. అందుకు నన్ను తిట్టు. కానీ ఆమె అడిగితే ఇచ్చేదాన్నే అంది. అదొక్కటే నీకు మిగిలిన దారి. ఆమె చెన్నై వెళ్ళడానికి ఒప్పుకుంటే, తోడుగా మన గుంటూరు సంఘం నుంచి ఒక సహోదరి వెళ్తుంది. నిన్ననే మాట్లాడాను. అయితే ఇంకోటి గుర్తుపెట్టుకో. డొరతీ నీ లాయరు, గిరిజ లాయరు కాదు. ఆ ఇంట్లో ఆమె భాగం ఎంతో, ఏ కాగితం మీద చెయ్యి పెట్టాలో, దేని మీద పెట్టకూడదో ఆమె పక్కన నిలబడి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మొగుడు కాగితం తెచ్చాడు, సంఘపెద్ద నమ్మాడు, నేను సాక్షి సంతకం పెట్టాను. ఇందరిలో ఆమె తరఫు మనిషి ఒక్కడూ లేడు. నువ్వు మూడు ఆఫీసుల మెట్లెక్కి దిగి మనిషిని ఎంచుకున్నావు కదా, ఆ పని ఆమె కోసం కూడా చెయ్యి. నువ్వు రాసుకెళ్ళిన తొమ్మిది ప్రశ్నలూ ఆమెకి చదివి వినిపించు.

ఇదంతా ఫోన్‌లో చెప్పేస్తానని రజిని అంది. వద్దన్నాను. ఆ సంతకం చేసింది ఈ చెయ్యి. ఇది కూడా ఈ చెయ్యే రాయాలి. రేపు పొద్దున్న తను పోస్టాఫీసులో మర్నాటికల్లా అందే కవరులో వేస్తుంది. మంగళవారం పదింటికి నీ గుమ్మంలో ఉంటుందన్నారు.

మీ పెదనాన్న,
పరంధామయ్య

గిరిజ నంబరు ఈ కాగితం వెనక పక్క రాశాను. నీకు పొద్దున పదైతే ఏలూరులో రాత్రి ఏడున్నర, తొమ్మిదింటికి వాళ్ళమ్మ దీపాలార్పేస్తుందట. రేపటికి పెట్టుకోకు, దయాకర్ వచ్చేదాకా ఆగకు. ముందు నా సంతకం ఉన్న కాగితం పట్టుకుని మంగలి షాపు మెట్లెక్కు. ఫైలు కదలనివ్వొద్దని డొరతీతో చెప్పి, గిరిజకి ఒక మంచి లాయరు పేరు అడుగు. ఆ పేరు చేతిలో పెట్టుకుని అక్కడి నుంచే ఏలూరుకి ఫోన్ కలుపు. ఇవాళే, తల్లీ, ఏలూరులో తొమ్మిది కొట్టకముందే.